ఇంట్లో రికార్డు చేసిన గొంతు బాగా వినిపించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాటలు, పద్యాలు, భజనలు ఇంట్లోనే రికార్డు చేసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో గది గురించి ఎక్కువ, ప్లగిన్ల (కంప్యూటర్లో శబ్దాన్ని సవరించే చిన్న సాఫ్ట్‌వేర్ పనిముట్ల) గురించి తక్కువ ఉంటుంది. అది కావాలనే.

మంచి కండెన్సర్ మైకు కొన్నాను. అయినా బాత్రూంలో పాడినట్టే వినిపిస్తోంది. మైకు లోపమా?

కాదు, గది లోపం. కింద టైల్స్, పైన స్లాబు, నాలుగు వైపులా సున్నం కొట్టిన సిమెంటు గోడలు, ఓ ఇనప బీరువా. మన ఇళ్లలో గదులు చల్లగా ఉండటానికి, తుడుచుకోవడానికి కట్టినవి, పాడటానికి కాదు. గదిలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకాలే ‘ట్ర్‌ర్‌ర్’ మని సన్నటి తోక వినిపిస్తే, మీ గొంతుకీ అదే తోక అంటుకుంటోందన్నమాట. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ తగిలి వచ్చే చప్పుడది.

కండెన్సర్ మైకు సున్నితమైనది కాబట్టి ఆ తోకని కూడా శ్రద్ధగా పట్టుకుంటుంది. మైకు ఖరీదు పెరిగేకొద్దీ మీ గది ఎంత చెడ్డదో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, అంతే. పైగా తర్వాత వాడే కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే ప్లగిన్) చిన్న శబ్దాలను పైకి లేపుతుంది కాబట్టి గది మోత కూడా పాటతో పాటే లేస్తుంది. రికార్డులోకి ఎక్కిన మోతను పూర్తిగా తీసేసే ప్లగిన్ లేదు. తగ్గించేవి ఉన్నాయిగానీ, గట్టిగా వాడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది.

గదిలో ఎక్కడ నిలబడి పాడాలి?

చాలామంది స్టాండు తెచ్చి గది నడిమధ్యలో పెడతారు. మామూలు బెడ్‌రూముల్లో అంతకన్నా చెడ్డ చోటు మరొకటి ఉండకపోవచ్చు. లెక్క చూడండి. గది పది బై పది, స్లాబు ఎత్తు కూడా పదడుగులు అనుకుందాం. ధ్వని సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది, పదడుగులంటే 3.05 మీటర్లు. అంత దూరంలో ఉన్న రెండు గోడల మధ్య నిలిచిపోయే తరంగాల్లో మొదటిది 56, 57 హెర్ట్జ్ దగ్గర, రెండోది దానికి రెట్టింపు, అంటే 113 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మూడు కొలతలూ ఒకటే అయిన గదిలో ఈ 113 అటు గోడల నుంచీ, ఇటు గోడల నుంచీ, నేలకీ స్లాబుకీ మధ్య నుంచీ ఒకేసారి ఉబ్బుతుంది. అది బాగా ఉబ్బే చోట్లు గోడల అంచులూ, సరిగ్గా నడిమధ్యా. మైకు ఐదడుగుల ఎత్తులో గది మధ్యన పెట్టారంటే మూడు వైపుల నుంచీ నడిబొడ్డున పెట్టినట్టే.

ఇప్పుడు ఒకటి శ్రుతిలో పాడే మగవాళ్ల సంగతి చూడండి. ఆధార షడ్జం 131 హెర్ట్జ్. మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం 110, కైశికి నిషాదం 117 దగ్గర పడతాయి. పల్లవి హాయిగా సాగుతూ, కిందికి దిగగానే ఆ రెండు స్వరాల మీద మాత్రం ‘బొయ్’ మని గొంతు ఊదుకుపోవడానికి కారణం ఇదే. గాయకుడేమో తన గొంతు బాగాలేదని మిరియాల పాలు తాగుతుంటాడు. ఐదు, ఆరు శ్రుతుల్లో పాడే ఆడవాళ్లకు ఈ బెడద చాలా తక్కువ.

నివారణకి పైసా ఖర్చు లేదు. ఒక గోడ నుంచి మూడు, మూడున్నర అడుగుల దూరంలో నిలబడండి. పక్క గోడలకీ సరిసమానంగా నడుమన ఉండకండి, ఒక పక్కకి జరగండి. మూలల్లోకి మాత్రం పోవద్దు. రెండు మూడు చోట్ల నిలబడి ఒకే చరణం పాడి విని చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఫోమ్ ఎక్కడ అంటించాలి, మైకు వెనకా, నా వెనకా?

మీ వెనక. ఇళ్లలో వాడే మైకులు దాదాపు అన్నీ కార్డియాయిడ్ రకానివి. ఇవి ముందువైపు శబ్దాన్ని తీసుకుని వెనకవైపు దాన్ని చాలావరకు వదిలేస్తాయి. మైకుకి ముందున్నది మీరు, మీ వెనకున్న గోడ. అక్కడ తగిలి తిరిగొచ్చే శబ్దమే సూటిగా మైకులోకి పోతుంది. మైకు వెనక అర్ధచంద్రాకారంలో బిగించే రిఫ్లెక్షన్ షీల్డులు చూడటానికి బాగుంటాయిగానీ, వాటి మీద పెట్టే డబ్బుతో రెండు మందపాటి రగ్గులు కొనుక్కోవడం మేలు.

గుడ్డు ట్రేలు, థర్మోకోల్ షీట్లు పనిచేస్తాయా?

పనిచేయవు. వీడియోల్లో ఎంత చూపించినా సరే. గుడ్డు ట్రే శబ్దాన్ని కాస్త అటూ ఇటూ చెదరగొడుతుంది తప్ప పీల్చుకోదు. థర్మోకోల్ లోపల గాలి ఆడదు కాబట్టి అదీ పీల్చుకోదు. అంగుళం మందం ఫోమ్ పైస్థాయి శబ్దాలని మాత్రమే మింగి, కిందివాటిని వదిలేస్తుంది. గది నిండా అదే అంటిస్తే గొంతులో మెరుపంతా పోయి డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

ఇంట్లో ఉన్నవాటిల్లో బాగా పనికొచ్చేది పాత చీరలతో కుట్టిన బొంత. రెండు మూడు పొరలుగా, గోడకి ఆనించకుండా అరడుగు ఎడంగా దండెం మీద వేలాడదీయండి. గోడకీ గుడ్డకీ మధ్య ఆ ఖాళీ ఉంటేనే కాస్త కిందిస్థాయి శబ్దాలు కూడా తగ్గుతాయి. దూది పరుపుని నిలబెట్టి వెనక పెట్టుకున్నా మంచిదే. బట్టలు కుక్కిన బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, దానికి వీపు చేసి పాడేవాళ్లున్నారు. నవ్వులాటగా ఉంటుందిగానీ ఫలితం బాగుంటుంది. కింద టైల్స్ మీద మందపాటి జంపఖానా తప్పనిసరి.

శాశ్వతంగా చేయించుకోవాలనుకుంటే 50 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ స్లాబులు ఇన్సులేషన్ సామాను అమ్మేచోట దొరుకుతాయి. చెక్క ఫ్రేములో పెట్టి, గాలి ఆడే గుడ్డ చుట్టించండి. పని చేసేటప్పుడు మాస్కూ గ్లవుజులూ వేసుకోండి, ఆ నూగు చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు.

ఒక్క మాట. ఇవన్నీ గది లోపలి మోతని తగ్గించేవే. బయటి శబ్దాన్ని ఇవేవీ ఆపలేవు.

మరి బయటి శబ్దాల్ని ఏం చేయాలి? ఫ్యాను ఆపితే చెమట, వేస్తే హోరు.

ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆపి పాడమని ఎవరికీ చెప్పలేం. ముందు అరగంట ఏసీ వేసి గదిని చల్లబరిచి, రికార్డింగప్పుడు ఆపేయండి. పాటని ఒక్క బిగిన కాకుండా పల్లవి, చరణం అని ముక్కలుగా తీసుకుంటే మధ్యలో ఫ్యాను వేసుకోవచ్చు. ఫ్రిజ్ కంప్రెసరు, ఇన్వర్టరు, ల్యాప్‌టాప్ ఫ్యాను కూడా లెక్కలోవే. ల్యాప్‌టాప్‌ని మైకుకి వెనకవైపు, వీలైనంత దూరంగా పెట్టండి. కుక్కర్ విజిల్, కూరగాయల బండి మైకు, గుడి సుప్రభాతం వేళలు మీకే తెలుసు. చాలా పేటల్లో రాత్రి పదకొండు దాటాక నిశ్శబ్దం దొరుకుతుంది, కానీ అప్పుడు ఇంట్లోవాళ్ల నిద్ర గురించి కూడా ఆలోచించాలి.

ప్రతి టేకుకీ ముందు ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఖాళీ గదిని రికార్డు చేసి ఉంచుకోండి. అడాసిటీలో గానీ మరోచోట గానీ హోరు తగ్గించేటప్పుడు ఆ ముక్కే నమూనాగా పనికొస్తుంది. 6, 8 డీబీలకి (శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్) మించి తగ్గించకండి.

నాయిస్ గేట్ పెట్టుకుంటే సరిపోదా?

నాయిస్ గేట్ అంటే శబ్దం ఒక మట్టం కన్నా తగ్గగానే దాన్ని పూర్తిగా మూసేసే ప్లగిన్. ర్యాప్‌కి సరిపోవచ్చు. పద్యానికీ, కీర్తనకీ సరిపోదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ‘వచ్చెను’, ‘రాముడు’, ‘గానము’ అని పాడినప్పుడు ఆ చివరి ఉకారాన్ని గాయకులు మెల్లగా జారవిడుస్తారు. గేటు దాన్ని నిశ్శబ్దం అనుకుని తలుపు మూసేస్తుంది. వినేవాళ్లకి ‘వచ్చెన్’, ‘రాముడ్’ అని మాట తెగినట్టు అనిపిస్తుంది. దానికన్నా పాట లేని చోట్లు చేత్తో కత్తిరించి, అంచుల్లో ఫేడ్ పెట్టడం నయం. నాలుగు నిమిషాల పాటకి పావుగంట పని.

ఒక్కటే ‘ఝుం’ మనే మోత వస్తోంది. ఫ్యాను ఆపినా పోవట్లేదు.

అది కరెంటు మోత. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50, 100, 150ల దగ్గర వినిపిస్తుంది. ముందు ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మోత ఆగిపోతే దోషం అడాప్టరుదో, సాకెట్‌లో ఎర్తింగుదో. రెండు పిన్నుల అడాప్టర్లతో ఇది తరచూ వచ్చేదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగు చూపించుకోండి. మోత పోతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు, అది ప్రాణానికి ముప్పు. మైకు వైరు కరెంటు వైర్ల పక్కన పక్కనే పోకుండా చూసుకోండి. తప్పనిసరైతే అడ్డంగా దాటించండి.

డైనమిక్ మైకా, కండెన్సరా?

గది బాగుంటే కండెన్సర్, బాగాలేకపోతే అంత సున్నితం కాని డైనమిక్. కచేరీ స్టేజీల మీద కనిపించే షూర్ ఎస్‌ఎం58 మార్కెట్లోకి వచ్చింది 1966లో, ఇవాళ్టికీ దాంతో ఇంట్లో చక్కగా రికార్డు చేసుకోవచ్చు. పెదవులు దాదాపు ఆనించి పాడాలి కాబట్టి గది తక్కువగా, గొంతు ఎక్కువగా పడుతుంది. మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో, అంటే ఇంటర్‌ఫేస్‌లో, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) మాత్రం ఎక్కువ పెంచాల్సి వస్తుంది. కండెన్సరుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే అందే కరెంటు) కావాలి, ఇంటర్‌ఫేస్ మీద ఆ మీట నొక్కకుండా మైకు పాడైపోయిందని వాపసు పంపేవాళ్లు తక్కువేం కాదు.

మైకుకి ఎంత దూరంలో ఉండాలి?

కండెన్సరుకైతే జానెడు. బొటనవేలు పెదవికీ, చిటికెనవేలు మైకుకీ తగిలేలా చెయ్యి చాచండి, చాలు. పాప్ ఫిల్టరు మైకుకి బెత్తెడు ముందు ఉండాలి. అంతకన్నా దగ్గరికి పోతే కిందిస్థాయి ఉబ్బుతుంది. రేడియోలో మాట్లాడేవాళ్లకి గొంతు గంభీరంగా రావడానికి అది పనికొస్తుందిగానీ, పాటలో మాటలు మసకబారతాయి.

ప, బ, భ పలికినప్పుడు గాలి సూటిగా మైకుని కొడుతుంది. ‘భ’ దగ్గర ఒత్తు స్పష్టంగా పలికేవాళ్లకి ఈ దెబ్బ మరీ ఎక్కువ. అందుకని ఒత్తులు మింగేయమని కాదు, మైకుని నోటికి నేరుగా కాకుండా కాస్త పక్కకో, ముక్కు ఎత్తులోకో జరిపి, అక్కణ్ణుంచి నోటివైపు తిప్పండి. గాలి పక్కనుంచి పోతుంది, శబ్దం మాత్రం అందుతుంది. శ, ష, స, చ బుసలు కొడుతున్నా ఇదే చిట్కా.

పద్యాలు పాడేవాళ్లకి ఇంకో సమస్య ఉంటుంది. ఎత్తుగడ మెల్లగా ఉండి, చివరి రాగాలాపన తారస్థాయికి పోయేసరికి లెవెలు ఒక్కసారిగా ఎగిరిపోతుంది. రంగస్థలం మీద అలవాటున్న నటులు ఆ చోట తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఇంట్లో కూడా అదే చేయండి. తల తిప్పేయడం వేరు, వెనక్కి జరగడం వేరు. తల తిప్పితే గొంతు రంగే మారిపోతుంది.

లెవెలు ఎంత పెట్టాలి?

24 బిట్‌లో రికార్డు చేస్తూ, బాగా గట్టిగా పాడే చోట మీటరు ముల్లు మైనస్ 10 డీబీ (సున్నా అంటే అంచు) దాటకుండా చూసుకోండి. ‘ఎరుపు అంటుకోకుండా అంచుదాకా’ అన్నది టేపుల కాలం నాటి, 16 బిట్ కాలం నాటి జాగ్రత్త. ఒక్కో బిట్‌కి దాదాపు 6 డీబీల వెసులుబాటు ఉంటుంది, 24 బిట్‌లో అది అవసరానికి మించి ఉంది. తక్కువగా రికార్డైతే తర్వాత పెంచుకోవచ్చు. అంచు దాటి చిట్లిపోయిన స్వరాన్ని మాత్రం అతికించలేం.

లెవెలు చూసేటప్పుడు పాటలో అన్నిటికన్నా పెద్ద లైను పాడించండి. ‘చెక్, చెక్’ అన్నప్పుడు ఎవరైనా మెల్లగానే అంటారు.

హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. శ్రుతి కూడా పోతోంది.

ఆలస్యం కంప్యూటర్‌లో బఫర్ వల్ల, అంటే అది శబ్దాన్ని ముక్కలుగా కాసేపు నిలిపి పంపడం వల్ల. రికార్డింగప్పుడు బఫర్ 128 శాంపిళ్లకి తగ్గించండి, మిక్సింగప్పుడు మళ్లీ పెంచుకోండి. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (గొంతుని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి పంపే) మీట ఉంటే అది వాడటం ఇంకా మంచిది.

శ్రుతి పోవడానికి మామూలు కారణం వెనక వాద్యాల ట్రాక్ మరీ గట్టిగా పెట్టుకోవడం. తగ్గించండి, ఒక చెవి మీంచి కప్పు కాస్త జరపండి. జరిపిన కప్పుని తలకి నొక్కి ఉంచండి, లేకపోతే తంబురా, తాళం చప్పుడు మైకులోకి కారుతుంది. తంబురా యాప్‌ని ఫోన్‌లో బయటికి పెట్టుకుని పాడితే అది గొంతుతో పాటు రికార్డైపోతుంది, ఆ తర్వాత శ్రుతి సవరించడం కుదరని పని.

రికార్డయ్యాక ఏ ప్లగిన్లు, ఏ వరుసలో?

శ్రుతి సవరణ ఏదైనా ఉంటే ముందు అది. తర్వాత ఈక్యూ (ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో సరిచేసేది), కంప్రెసర్, డీ-ఎస్సర్ (స, శ బుసలు తగ్గించేది), చివర రివర్బ్ (గది మోతలాంటిది కలిపేది).

ఈక్యూలో మగ గొంతుకి 80 హెర్ట్జ్ కింద, ఆడ గొంతుకి 110, 120 కింద కోసేయండి, అక్కడ పాట ఉండదు. మసకగా ఉంటే 200 నుంచి 400 మధ్య 2, 3 డీబీలు తగ్గించండి. ముక్కుతో పాడినట్టుంటే వెయ్యి చుట్టుపక్కల వెతకండి. మాట స్పష్టత 3 వేల నుంచి 5 వేల మధ్య ఉంటుంది. ముందు కింది మసక తీసి చూడండి, చాలాసార్లు పైన పెంచాల్సిన అవసరమే రాదు.

కంప్రెసర్‌కి 3:1 నిష్పత్తి (ఎంత గట్టిగా అణచాలో), 10 మిల్లీసెకన్ల అటాక్‌తో (ఎంత త్వరగా అందుకోవాలో) మొదలుపెట్టి, దాని ముల్లు 3 నుంచి 6 డీబీలు వంగేలా సరిచూసుకోండి. ఒకే కంప్రెసర్ మీద బరువంతా మోపేకన్నా రెండిటిని వరసగా, ఒక్కోదాంతో కొంచెం కొంచెం పనిచేయించడం పాత స్టూడియో పద్ధతి. దానికన్నా ముందు, మరీ పెద్దగా ఉన్న మాటల్ని చేత్తో తగ్గించి, మింగేసిన మాటల్ని పెంచండి. విసుగు పుట్టించే పనే. కానీ సాహిత్యం అక్షరం అక్షరం వినపడే మిక్స్‌కీ, మామూలు మిక్స్‌కీ తేడా ఎక్కువగా ఇక్కడే.

డీ-ఎస్సర్ 5 వేల నుంచి 8 వేల మధ్య. ‘శ’ కాస్తా ‘థ’ లాగా నత్తిగా వినిపిస్తే ఎక్కువైనట్టు.

ఊపిరి శబ్దాల్ని పూర్తిగా తీసేయకండి, సగానికి తగ్గించండి చాలు.

ఆటో-ట్యూన్ పెడితే నా గమకాలన్నీ చచ్చిపోతున్నాయి. ఎలా?

1997లో ఆంటారెస్ కంపెనీ తెచ్చిన ఆటో-ట్యూన్ గానీ, తర్వాత వచ్చిన అలాంటివి గానీ, మామూలు అమరికలో స్వరస్థాయిని పన్నెండు మెట్లుగా చూసి గొంతుని దగ్గరి మెట్టు మీదికి లాగుతాయి. మన సంగీతంలో స్వరం మెట్టు మీద కూర్చోదు, ఊగుతుంది. తోడి రాగంలో గాంధారం సంగతే తీసుకోండి. అది ఒక చోట నిలిచే స్వరం కాదు, కిందినుంచి పైకి ఊగుతూ ఉంటేనే తోడి. ప్లగిన్ కళ్లకి ఆ ఊపంతా తప్పే. ఒక్కో ఊపునీ ఒక్కో మెట్టుకి విరిచి, హార్మోనియం మీద వాయించినట్టు చేసి ఇస్తుంది.

అందుకని కీర్తనలకీ, రాగం బాగా ఉన్న సినిమా పాటలకీ ఆటోమేటిక్ సవరణ పెట్టకండి. మెలోడైన్ లాంటి శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్‌లో స్వరాన్ని చేత్తో ఎంచుకుని, నిలిచే చోటుని మాత్రం, అంటే పాదం చివర గొంతు ఆగే షడ్జమో పంచమమో శ్రుతికి రాకపోతే దాన్ని, మొత్తంగా పైకో కిందికో జరపండి. లోపలి ఊపుని సాపు చేసే మీటని ముట్టుకోవద్దు. జారు ఉన్న చోట రెండు స్వరాల మధ్య కోత పెట్టవద్దు. పాదంలో మూడు నాలుగు చోట్ల కన్నా ఎక్కువ సవరించాల్సి వస్తుంటే ఆ పాదం మళ్లీ పాడించడమే త్వరగా తేలుతుంది.

తక్కువ గమకాలున్న పాటలకి ఆటోమేటిక్ వాడినా, రీట్యూన్ వేగం (గొంతుని మెట్టు మీదికి లాగే వేగం) నెమ్మదిగా పెట్టి, పాటలో లేని స్వరాలను జాబితాలోంచి తీసేయండి.

కరోకే మీద పాడితే గొంతు పైన అతికించినట్టుంది, పాటలో కలవట్లేదు.

కరోకే ట్రాక్ చాలావరకు మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే ఆఖరి సవరణ) అయిపోయి, అంచుదాకా నిండి ఉంటుంది. దాని మీద గొంతు ఎంత పెంచినా చోటుండదు. ముందు ట్రాక్‌ని 5, 6 డీబీలు దించండి. తర్వాత ట్రాక్‌లోనే 2 వేల నుంచి 4 వేల మధ్య ఒకటి, రెండు డీబీలు తగ్గిస్తే గొంతుకి కిటికీ తెరుచుకుంటుంది.

రివర్బ్‌ని గొంతు ట్రాక్ మీదే వేయకుండా వేరే ఛానల్లో పెట్టి, అక్కడికి కొంచెం కొంచెం పంపండి. 20 నుంచి 40 మిల్లీసెకన్ల ప్రీ-డిలే ఇస్తే మాట ముందు వినపడి, మోత తర్వాత వస్తుంది. ఆ రివర్బ్‌లో 200 హెర్ట్జ్ కిందివన్నీ కోసేయండి. డిలే (గొంతుని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది) వాడితే తాళానికి కుదరాలి. 60,000ని పాట బీపీఎంతో (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ అంకెతో) భాగిస్తే ఒక దెబ్బకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది, 90 బీపీఎం పాటకి 667. ఎంత రివర్బ్ చాలు అంటే, ఆపేసినప్పుడు లోటు తెలియాలి, ఉన్నప్పుడు దాని మీదికి దృష్టి పోకూడదు. మన భజన రికార్డింగుల్లో సగం ఈ పరీక్షలో ఫెయిలవుతాయి.

అసలు పాటలోంచి గొంతుని తీసేసి చేసిన కరోకేల్లో పాత గాయకుడి నీడ మిగిలే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, అది లేని ట్రాక్ ఎంచుకోండి.

యూట్యూబ్‌లో పెట్టాక శబ్దం తగ్గిపోతోంది ఎందుకు?

యూట్యూబ్ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్నవాటిని తనే తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని పెంచదు. లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక అంచు దాటనివ్వని ప్లగిన్) పిండి మైనస్ 7కి తెచ్చినా ఉపయోగం లేదు, దెబ్బల్లో ఊపు పోవడం తప్ప. మైనస్ 14కి కాస్త అటూ ఇటూగా, ట్రూ పీక్ (శబ్దం అసలు తాకే అత్యధిక మట్టం) మైనస్ 1 దాటకుండా ఉంచండి.

మిక్స్ వేరేవాళ్లతో చేయించుకుంటాను. ఏం పంపాలి?

గొంతు ట్రాక్‌లన్నీ 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, ఏ ప్లగిన్లూ లేకుండా పంపండి. కోరస్ లైను మూడో నిమిషంలో వచ్చినా ఆ ఫైలు కూడా సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే ఎక్కడ పెట్టాలో అవతలివాళ్లకి తెలియదు. మీకు నచ్చిన రివర్బ్‌తో చేసుకున్న కాపీ ఉంటే నమూనాగా విడిగా పెట్టండి. బీపీఎం, శ్రుతి, సాహిత్యం తెలుగులో టైపు చేసి జతచేయండి. ఫైళ్లకి ‘కొత్త’, ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’ అని కాకుండా పాట పేరు, గొంతు, టేకు నంబరు రాయండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా పంపితే శబ్దం బాగా కుదించుకుపోతుంది. ఫైలుగా జతచేసిగానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపండి.